వెనక తలుపు దగ్గరి ముక్కాలిపీట

అమ్మకు నమస్కారాలతో నీ కూతురు రాస్తున్న సంగతులు.

ఇక్కడ నేనూ నీ అల్లుడూ బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ పిన్నీ ఒంట్లో నలతలేమీ లేకుండా ఉన్నారనీ, కిటికీ తెరవాలా మూయాలా అని రోజూ మీరిద్దరూ పెట్టుకునే తగువు ఈపాటికి ఓ కొలిక్కి వచ్చి ఉంటుందనీ అనుకుంటున్నాను.

కవరు బరువు చూసి కంగారు పడకు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఈ ఉత్తరం పిన్నితో మాత్రం చదివించుకోకు. ఆవిడ చదివితే వీధి చివరిదాకా అందరికీ వినిపిస్తుంది, నీకు తప్ప. భూతద్దం తెచ్చుకుని, వెలుతురులో కూర్చుని, నువ్వే నెమ్మదిగా చదువుకో. నీకు చెవుడు రాకపోయి ఉంటే ఫోనులోనే చెప్పేదాన్నని అనను. చెవులు బాగా వినపడే రోజుల్లో మాత్రం చెప్పానా ఏమిటి?

నా మోకాలి సంగతి అడిగావు. తగ్గింది. దుకాణంలో పొద్దస్తమానం నిలబడి తాళంచెవులు రాపిడి పెడుతుంటే మోకాలు మాత్రం ఎన్నాళ్ళు ఓర్చుకుంటుంది పాపం? ఇప్పుడు ఎత్తు కుర్చీ ఒకటి చేయించుకున్నాను. కూర్చునే పని చేస్తున్నాను. పాప కోసం సిద్ధం చేసిన చిన్నగదికి ఏ రంగు వేశారని అడిగావు. లేత పసుపు. నీ అల్లుడు నీలం వేద్దామన్నారు, పిల్లలకి బాగుంటుందట. నేను ఒప్పుకోలేదు. నీళ్ళ రంగు గోడలకి వద్దన్నాను. ఆయన నా మొహంలోకి ఓసారి చూసి, ఇంకేమీ అడక్కుండా వెళ్ళి పసుపు డబ్బా తెచ్చారు.

అల్లుడికి నిజంగా ఇష్టమేనా, నీ పోరు పడలేక తలూపాడా అని కూడా అడిగావు. అమ్మా, ఆ మనిషి వాలకం నువ్వు చూడాలి. బేకరీలో తెల్లారకముందు మొదలుపెట్టి మధ్యాహ్నందాకా పిండి పిసికి వచ్చే మనిషి, సెలవు రోజున కూడా పాప కోసం తాబేలు ఆకారంలో బన్ను చేస్తానని వంటింట్లో దూరారు. మొదటి తాబేలు చూస్తే నాకే జాలేసింది. పిల్లల ఆశ్రమానికి పట్టుకెళ్ళి పాప చేతిలో పెట్టి, "ఇదేంటో చెప్పు చూద్దాం" అన్నారు గొప్పగా. పాప అటూ ఇటూ తిప్పి చూసి "బూటు" అంది. అని, బూటు మొత్తం తినేసింది. దారి పొడుగునా ఆయన ఆ మాటే తలుచుకుని నవ్వుకుంటూ వచ్చారు. ఇష్టం లేని మనిషి అలా నవ్వుతాడా?

పాపని ఇప్పటికి నాలుగుసార్లు చూశాం. మూడున్నరేళ్ళు. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఎత్తుకుంటే మెడ కౌగిలించుకోదు కానీ మన చొక్కా గుండీ ఒకటి గట్టిగా పట్టుకుంటుంది. ఇంకో అలవాటు ఉంది. తలుపు కనిపిస్తే తీయాల్సిందే. మొదటి రోజే ఆయా చెప్పింది: "ఏం చేసుకుంటారో ఏమో గానీ అమ్మా, ఈ పిల్లకి మూసిన తలుపంటే పడదు. తీసి, లోపల తొంగిచూసి, ఇంకో తలుపు దగ్గరికి పోతుంది. పగలంతా ఇదే డ్యూటీ." నీ అల్లుడు అప్పుడే "ఇన్‌స్పెక్టరు" అని ముద్దుపేరు పెట్టేశారు. అందరూ నవ్వారు. నేను మాత్రం అక్కడే బల్ల మీద కూర్చుండిపోయాను.

ఎందుకో నీకు చెప్పాలా? తమ్ముడికి అప్పుడు సరిగ్గా అదే వయసు.

ముప్ఫై ఒక్క ఏళ్ళుగా మన ఇంట్లో ఎవరూ పలకని పేరు. నీ పోయిన ఉత్తరంలో నువ్వే రాశావు, "బుడ్డోడు" అని. ఆ ఒక్క మాట దగ్గర నీ అక్షరం వంకర పోయింది. దాని పక్కన నువ్వడిగిన ప్రశ్నకి జవాబు చివర్లో రాస్తాను. ముందు ఇక్కడ జరిగింది చెప్పనీ.

పిల్లని దత్తత ఇచ్చేముందు ఇల్లు చూడ్డానికి ఒకావిడ వస్తుందనీ, నిన్ను అడగడానికి కూడా ఎవరో వస్తారనీ రాశాను కదా. ఎండ లేకపోయినా, వాన లేకపోయినా చేతిలో గొడుగు ఉంటుంది. అందుకని మేం గొడుగు మేడమ్ అంటాం. ఆవిడ రాసే నివేదిక బాగుంటేనే పాప మన ఇంటికి వస్తుంది. బాగోకపోతే ఇంకో ఇల్లు చూస్తారు. తాబేలు బూటు తిన్న పిల్ల ఇంకెవరి గుండీయో పట్టుకుంటుంది.

ఆవిడ ముందుగానే ఒక కాగితం పంపింది. మందులు పిల్లకి అందకూడదు, కిటికీలకి ఊచలుండాలి, కత్తులూ అగ్గిపెట్టెలూ పైన పెట్టాలి, ఇలాంటివి తొమ్మిదో పదో. ఎవరైనా సగం రోజులో చేసేస్తారు. నేను మూడు వారాలు చేశాను. మందుల అలమరకి తాళం. వంటింటికి గడియ. స్నానాలగదికి బయట ఒక గడియ, దాని పైన ఇంకోటి. నీళ్ళ డ్రమ్ము మూతకి తాళంకప్ప. అమ్మా, బకెట్లు పెట్టే గూటికి కూడా తాళం వేశాను. నీ అల్లుడు పళ్ళు తోముకోవడానికి వెళ్ళి, మగ్గు కావాలంటే తాళంచెవి అడగాల్సి వచ్చేది. "ఇంకా నయం, నా నోటికి వేయలేదు" అని నవ్వేవారు. రానురాను ఆ నవ్వు తగ్గింది.

తగ్గడానికి కారణం చిన్నగది తలుపుకి నేను పెట్టిన గడియలు. మధ్యాహ్నం దుకాణం మూసి వచ్చి, రెండు ముద్దలు తిని, ఓ గంట నడుం వాల్చడం నాకు అలవాటు కదా. రంగు వేసిన మర్నాడు ఆ గది తలుపు మూసి పడుకున్నాను. లేచి చూస్తే నాలుగు వేళ్ళ మేర తెరిచి ఉంది. గాలికనుకున్నాను. రెండోరోజూ అంతే. ఇరవై ఏళ్ళుగా తాళాలతోనూ తలుపులతోనూ బతికేదాన్ని, ఊరుకుంటానా? బందులు విప్పి చూశాను. చట్రం నిట్టనిలువుగా ఉందో లేదో గుండు దారం వేలాడదీసి చూశాను. వెంట్రుకవాసి తేడా లేదు. గడియ పెట్టాను. మర్నాడు గడియ తీసి ఉంది, తలుపు నాలుగు వేళ్ళు తెరిచి ఉంది. పైన రెండో గడియ పెట్టాను. అదీ తీసి ఉంది. పసుపు గోడ మీద ఆ సందులోంచి సన్నగా నీడ పడేది. ఆ నీడ ఎత్తు నాకు తెలిసిన ఎత్తు. ఎవరి ఎత్తో నేను రాయక్కర్లేదు.

"వాడు వచ్చాడు" అనుకున్నాను. నవ్వకు. పట్టపగలు, కింద వీధిలో కూరలవాడి కేకలు వినపడుతుంటే, నలభై ఏళ్ళ మనిషిని, తలుపు ముందు నిలబడి "బుడ్డోడా, నువ్వేనా?" అని అడిగాను. భయం కంటే ఆశే ఎక్కువగా ఉందప్పుడు.

చివరికి దానికి తలుపు మూసుకుంటే దానంతటదే పడే తాళం బిగించాను. లోపల్నుంచి తీయడానికి వీల్లేదు, బయట తాళంచెవితోనే తెరుచుకుంటుంది. ఆ మర్నాడే గొడుగు మేడమ్ వచ్చింది.

ఇల్లంతా చూసింది. ఏవో రాసుకుంది. చిన్నగదిలోకి వెళ్ళింది. నేను మంచినీళ్ళు తెద్దామని ఇటు తిరిగాను, వెనకాల టక్కున తలుపు పడింది. తాళంచెవి గుత్తి తీస్తే ముప్ఫై చెవులున్నాయి. ఒక్కటీ దూరదు. నీ అల్లుడు పక్కన నిలబడి "ఇది కాదు, అది" అంటారు. లోపల్నుంచి ఆవిడ తలుపు తట్టడం మొదలుపెట్టింది. "కంగారు పడకండి మేడమ్, నేను తాళాలు బాగుచేసేదాన్నే!" అని అరిచాను. "అదేనమ్మా నా కంగారు" అంది లోపల్నుంచి.

నాలుగైదు నిమిషాలు పట్టింది. బయటికి వచ్చి, చెమట తుడుచుకుని, కోప్పడకుండా కుర్చీలో కూర్చుంది. నీళ్ళు తాగింది. తాగి ఇలా అంది:

"మామూలుగా ఇళ్ళల్లో బయటివాళ్ళు లోపలికి రాకుండా తాళాలు వేసుకుంటారు. మీవన్నీ లోపలివాళ్ళు బయటికి పోకుండా వేసినవి. మీ ఇంట్లోంచి ఎవరు పోయారమ్మా?"

"ఎవరూ లేరండీ" అన్నాను.

దరఖాస్తులో తోబుట్టువులు అన్నచోట కూడా లేరనే రాశాను. ఆవిడ ఆ కాగితం వంక చూసి, నా వంక చూసి, రెండు తెల్ల కాగితాలు తీసి ఇచ్చింది. ఒకదాని మీద నా చిన్నతనం గురించి రాయమంది. రెండోదాని మీద నేను పెరిగిన ఇల్లు బొమ్మ గీయమంది, ఏ వస్తువు ఎక్కడుండేదో గుర్తున్నంత వరకూ. "మళ్ళీ వచ్చేలోపు పోస్టులో పంపండి. ఈలోగా మీ అమ్మగారి దగ్గరికి అక్కడి మా ఆఫీసు మనిషి వెళ్తుంది, మాట్లాడ్డానికి" అంది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, తాళాలు సగం తీసేయమని, మిగతావి లోపల ఉన్న పిల్ల తీసుకోగలిగేలా పెట్టమని చెప్పింది.

ఆవిడ వెళ్ళాక నీ అల్లుడితో ఆ తలుపు సంగతి చెప్పాను, అది దానంతటదే తెరుచుకుంటోందనీ, అందుకే ఇన్ని గడియలనీ. ఆయన నా వంక వింతగా చూశారు.

"దానంతటదేమిటి? నువ్వే కదా తీస్తున్నావు!"

"నేనా?"

"రోజూ చూస్తున్నాగా. నేను వచ్చి బూట్లు విప్పుకునే వేళకి నువ్వు లేచి వస్తావు. కుర్చీ లాక్కుని, ఎక్కి, పై గడియ తీస్తావు. తలుపు కాస్త తెరుస్తావు. మళ్ళీ వెళ్ళి పడుకుంటావు. రంగు వాసన పోవడానికనుకున్నాను."

కుర్చీ ఎందుకమ్మా? ఆ గడియ నా భుజం ఎత్తులో ఉంది. చెయ్యి చాపితే అందుతుంది.

ఇక దాచను. ఆ రోజు వెనక తలుపు గడియ తీసింది నేను. బుడ్డోడికి అందకూడదని నాన్న దాన్ని ఎత్తులో పెట్టించాడు. నాకూ అందేది కాదు. వెనక సందులో కుక్క నాలుగు పిల్లల్ని పెట్టింది, కళ్ళు తెరిచాయేమో చూసి రావాలి. వంటింట్లోంచి ముక్కాలిపీట లాక్కెళ్ళి, ఎక్కి, గడియ తీశాను. ఒక్క నిమిషంలో వచ్చేస్తాను కదా అని తలుపు దగ్గరగా వేసి వెళ్ళాను. ఒక్క నిమిషం కాలేదు. ఒక కుక్కపిల్ల కళ్ళు తెరిచింది, అది నన్ను చూస్తుంటే లేవబుద్ధి కాలేదు. తర్వాత సందు చుట్టూ తిరిగి ముందువైపు నుంచి వచ్చాను. నువ్వు బట్టలు ఆరేస్తున్నావు. నేను నీ పక్కన నిలబడి క్లిప్పులు అందించాను. వెనక తలుపు గడియ తీసి ఉందని నాకు గుర్తే లేదు. వాడు అప్పటికి ఇటుకలవాళ్ళు తవ్విన గుంట దాకా వెళ్ళిపోయాడు. వానలకి అది నిండి ఉంది.

నాన్న పరుగున వచ్చి "గడియ ఎవరు తీశారు?" అని అరిచినప్పుడు నేను నోరు తెరిచాను. కానీ నా కంటే ముందు నువ్వన్నావు: "నేనే. చెత్త పారబోద్దామని తీసి, వేయడం మర్చిపోయాను."

తొమ్మిదేళ్ళదాన్ని, నమ్మేశాను. నేను తీశాక నువ్వూ ఓసారి వెళ్ళి ఉంటావనీ, ఇద్దరిలో ఎవరిది తప్పో తేలదనీ నాకు నేను చెప్పుకున్నాను. ఆ చెప్పుకోవడంలోనే పెరిగి పెద్దదాన్నయ్యాను. పెళ్ళి చేసుకున్నాను. నలుగురి తలుపులు బాగుచేశాను.

ఆదివారం ఆ తెల్లకాగితం ముందేసుకుని మన ఇల్లు గీశాను. ముందు వసారా, నువ్వు బట్టలారేసే తీగ, నడవ, నాన్న కుర్చీ, వంటిల్లు, వెనక తలుపు. అన్నీ పెట్టాను. ముక్కాలిపీట దగ్గర చెయ్యి ఆగిపోయింది. దాన్ని ఎక్కడ గీయాలి? నేను దిగి, దాన్ని వెనక తలుపు దగ్గరే వదిలేసి పోయాను. అది నాకు ఎంత బాగా గుర్తుందంటే, దాని ఒక కాలు గుమ్మానికి ఆనుకుని ఉంది. కానీ నాన్న వచ్చి అరిచినప్పుడు అది వంటింట్లో డబ్బాల అరకింద, ఎప్పుడూ ఉండే చోటే ఉంది. నేను దాని వెనకే నక్కి కూర్చున్నాను. మరి దాన్ని అక్కడికి తెచ్చింది ఎవరు?

నీకు పీట అక్కర్లేదమ్మా. నీకు గడియ చేతికే అందేది. నువ్వు లోపలికి వచ్చి, తెరిచిన తలుపూ, దాని పక్కన పీటా చూశావు. ఒక్క చూపులో నీకు అంతా తెలిసిపోయింది. వాడి కోసం పరిగెత్తే ముందో, వాణ్ణి తెచ్చి పడుకోబెట్టాకో నాకు తెలియదు. ఏ క్షణంలోనో నువ్వు ఆ పీట తీసి వంటింట్లో పెట్టావు. ఏ తల్లికి వస్తుందమ్మా ఆ క్షణంలో ఆ తెలివి?

సాయంత్రం నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని తల దువ్వావు గుర్తుందా? ఇంటినిండా జనం, ఏడుపులు. నువ్వు మాత్రం నా జుట్టు పాయలు తీస్తూ చెవిలో అన్నావు: "నువ్వు పొద్దుట్నుంచీ నా పక్కనే ఉన్నావు. క్లిప్పులు అందిస్తూ నా పక్కనే ఉన్నావు. సరేనా తల్లీ?" దుఃఖంలో మతి చెదిరి మాట్లాడుతున్నావనుకున్నాను. ముప్ఫై ఒక్క ఏళ్ళు అలాగే అనుకున్నాను.

దానికి నువ్వు ఏం అనుభవించావో నేను ఎదురుగా ఉండి చూశాను. నాన్న మళ్ళీ నీతో నేరుగా మాట్లాడలేదు. మూడు మూరల దూరంలో నువ్వుంటే, "మీ అమ్మతో చెప్పు, గుండీ ఊడిందని" అనేవాడు నాతో. నేను చెప్పేదాన్ని. నువ్వు కుట్టేదానివి. పోయేముందు కూడా "మీ అమ్మనడుగు, మందు వేళయిందేమో" అన్నాడు. నువ్వు ఆయన తలగడ దగ్గరే ఉన్నావు. పాతికేళ్ళు ఆ కబుర్లు అటూ ఇటూ మోసింది నేనే. ఒక్కరోజు, ఒక్క పూట నోరు విప్పి ఉంటే ఆయన నీ మొహం చూసి మాట్లాడేవాడు. నేను విప్పలేదు. బుడ్డోడి విషయంలో జరిగింది పొరపాటు అనుకుందాం, తొమ్మిదేళ్ళ పిల్ల పొరపాటు. ఇది పొరపాటు కాదమ్మా. ఇది నేను తెలిసి చేసింది.

ఇప్పుడు నీ ప్రశ్నకి జవాబు. "వాళ్ళు బుడ్డోడి గురించి అడిగితే ఏం చెప్పను? గడియ మర్చిపోయింది నేనని చెప్తాలే, నీ మీదికేమీ రాదు" అని రాశావు. నీ మీదికేమీ రాదు. ఆ మాట నాకు అర్థం కావడానికి ఒక ఇల్లు గీయాల్సి వచ్చింది.

వద్దు. ఇక నువ్వు చెప్పొద్దు.

దరఖాస్తులో లేరని రాసింది తప్పని, ఒక తమ్ముడు ఉండేవాడని, వాడు ఎలా పోయాడో, గడియ ఎవరు తీశారో, పీట ఎవరు జరిపారో మొత్తం ఆ మొదటి కాగితం మీద రాశాను. నీ అల్లుడు చదివారు. లేచి వెళ్ళి స్క్రూడ్రైవరు తెచ్చి, "ఏ గడియతో మొదలుపెడదాం?" అని అడిగారు. ఇద్దరం కలిసి మొత్తం పద్నాలుగు పీకేశాం. గోడలనిండా బెజ్జాలు. చిన్నగది తలుపుకి ఇప్పుడు ఒక్క పిడి ఉంది, మూడున్నరేళ్ళ చేతికి అందే ఎత్తులో. వీధి తలుపుకి మాత్రం ఒక మంచి గడియ ఉంచాం. అది వేశానా లేదా అని రోజుకి ఎన్నిసార్లు చూసుకుంటానో నాకే తెలియదు. అది పోయే జబ్బు కాదు.

ఈ ఉత్తరమూ, ఆ కాగితాలూ రెండు కవర్లలో పెట్టాను. దుకాణానికి పోతూ రెండూ ఒకేసారి డబ్బాలో వేస్తాను. నీ కవరు నీకు చేరేసరికి ఆవిడ కవరు ఆవిడకి చేరిపోతుంది. నువ్వు వద్దంటావని తెలిసే నిన్ను అడగలేదు. ఆ తలుపు తీసిన చేతుల్లో ఇంకో పిల్లని పెట్టొచ్చా అన్నది ఆవిడ తేల్చాలి. పెట్టకూడదని రాస్తే నేను ఏమవుతానో నాకు తెలియదు. ఆయన బన్నులు చేయడం మానేస్తారేమో. అయినా అబద్ధం మీద ఆ పిల్లని తెచ్చుకుంటే, అది తీసిన ప్రతి తలుపు వెనకా నేను వాణ్ణే వెతుక్కుంటాను. దానికి అన్యాయం చేసినట్టవుతుంది.

నిన్న మధ్యాహ్నం నిద్ర లేచి చూస్తే చిన్నగది తలుపు మళ్ళీ నాలుగు వేళ్ళు తెరిచి ఉంది. నేనే తీశానో, మరెవరైనా తీశారో నీ అల్లుణ్ణి అడగలేదు. మూయలేదు కూడా.

నువ్వు నా కోసం ఒక్క పని చెయ్యి. పెట్టె అడుగున నీ పాత చీరలో చుట్టి వాడి ఫోటో ఉంది కదా. అది ఉన్న సంగతి నాకు తెలుసు, నువ్వు లేనప్పుడు తీసి చూసేదాన్ని. దాన్ని బయటికి తీసి అందరికీ కనపడేచోట పెట్టు. అక్కడి ఆఫీసు మనిషి వచ్చి, నీకు ఎంతమంది పిల్లలమ్మా అని గట్టిగా అరిచి అడుగుతుంది. నీకు వినపడకపోయినా అదే అడుగుతోందని తెలుసుకో. ఒక్కతే అని మాత్రం చెప్పకు.

పిన్నికి నమస్కారాలు. మందులు మానకు. నా మీద కోపం వస్తే ఉత్తరంలో తిట్టు. ఇన్నాళ్ళు దాచుకున్నదంతా తిట్టు. నీ చేతిరాత కోసం ఎదురుచూస్తుంటాను.

ఇట్లు,
నీ ఇద్దరు పిల్లల్లో పెద్దది.